మా బిడ్డ కట్టిన ఊరిని నేనే చెరిపేశాను

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక మధ్యాహ్నం. అన్నం తినమని మూడుసార్లు పిలిచినా మా అమ్మాయి ఫోన్ మీది నుంచి తల ఎత్తలేదు. ఇంట్లో మా ఆడబిడ్డ కూడా ఉంది. "ఆడపిల్లకు గీ గేములేంది వదినె, నువ్వే గారాబం జేసి పాడు జేస్తున్నవ్" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఫోన్ గుంజుకొని ఆ గేమ్‌ను అక్కడికక్కడే తీసిపారేశాను. కావాలంటే మళ్ళీ వేసుకోవచ్చులే అనుకున్నాను.

గేమ్ మళ్ళీ వేసుకోవచ్చు, నిజమే. కానీ అందులో ఆమె కట్టుకున్నదంతా ఆ ఫోన్‌లోనే ఉందట. గేమ్‌తో పాటే పోయింది. ఎనిమిది నెలల పని. పదో తరగతిలోకి వెళ్ళబోయే పిల్ల అరవలేదు, ఏడవలేదు. "తాత ఫ్యాక్టరీ పోయింది మమ్మీ" అని లోపలికి వెళ్ళి పడుకుంది.

నాకేమీ అర్థం కాలేదు. సాయంత్రం మా మామయ్య చెప్పారు. ఆయన నిజాం షుగర్స్‌లో పనిచేసి రిటైరయిన మనిషి. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా పేరుపడ్డ మా బోధన్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్ళు. ఫ్యాక్టరీ నడవడం ఆమెకు గుర్తు లేదు. అందుకని తాతను అడిగి అడిగి, పొగగొట్టం ఎంత ఎత్తు, కాంటా ఎటువైపు, చెరుకు బండ్లు ఎక్కడిదాకా నిలబడేవి, అన్నీ తెలుసుకొని మైన్‌క్రాఫ్ట్‌లో ఇటుక మీద ఇటుక పెట్టి కడుతోంది. ఆయన రోజూ పక్కన కుర్చీ వేసుకొని తప్పులు చెప్పేవారట. ఇదంతా మా ముందు గదిలోనే జరిగింది. నేను వంటింట్లో ఉన్నాను.

మూడు రోజులు మా ఇద్దరి మధ్య మాటల్లేవు. నాలుగో రోజు నేనే వెళ్ళి తప్పయిందన్నాను. దానికి ఆమె ఒకే మాట అంది. "సారీ ఒద్దు గానీ మమ్మీ, ఒక్కసారి లోపలికి రా."

వెళ్ళాను. నలభై నాలుగేళ్ళ వయసులో ఒక కొత్త లోకంలో కాలు పెట్టాను. మొదటి పావుగంట ఆకాశాన్నీ, నేలనూ తప్ప ఇంకేమీ చూడలేదు. నడవబోతే నీళ్ళలో పడ్డాను. చెట్టును పిడికిలితో గుద్దితే కట్టె వస్తుందంటే నవ్వొచ్చింది. అక్కడ పగలూ రాత్రీ కలిపి ఇరవై నిమిషాలే. కట్టె పోగేసేలోపు చీకటి పడింది. "మట్టిల బొంద తవ్వి దాక్కో" అని పక్క నుంచి అరుస్తోంది మా అమ్మాయి. తవ్వుతుంటే ఏదో ఆకుపచ్చది చప్పుడు చేయకుండా వెనక నుంచి వచ్చి ఢామ్మని పేలింది. నేను చచ్చిపోయాను. నా బిడ్డ పడీపడీ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో అనిపించింది.

రెండో రోజు రాళ్ళు తెచ్చి మొట్టమొదట కట్టింది పొయ్యి. ఎక్కడికి పోయినా ఆడదాని బుద్ధి పొయ్యి దగ్గరే ఉంటుందని నన్ను నేనే తిట్టుకున్నాను. మూడో రోజు చెరుకు దొరికింది. నీటి ఒడ్డున నాటితేనే అది పెరుగుతుంది. మొదలు వదిలి పైన కోస్తే మళ్ళీ లేస్తుంది. నిజాంసాగర్ కాలువ కింద బతికినవాళ్ళకు ఇది ఒకరు చెప్పాలా? కాలువ ఎటు తవ్వితే ఎన్ని వరసలు పారుతుందో నేను చెప్పాను, ఆమె తవ్వింది. ఆ రోజు మొదటిసారి నా బిడ్డ నా దగ్గర ఏదో నేర్చుకున్నట్టు ముఖం పెట్టింది.

ఇక్కడిదాకా ముచ్చట. అసలు సంగతి ఇక ముందుంది.

పదిమందితో కలిసి ఆడే చోటికి తీసుకెళ్ళమన్నాను. అక్కడ మా అమ్మాయి పేరు మగపిల్లాడి పేరు. ఎందుకని అడిగితే "నువ్వే చూడు" అంది. నేను ఆడమనిషి పేరుతోనే వెళ్ళాను. పది నిమిషాలు కాలేదు, ఎవరో వెంటపడ్డాడు. ఏ ఊరు, ఎన్నేళ్ళు, ఒక్కదానివే ఉన్నావా, ఫోటో పంపు. నా చేతులు వణికాయి. మా అమ్మాయి మాత్రం ఈగను తోలినట్టు రెండు నొక్కులు నొక్కి వాణ్ణి బ్లాక్ చేసింది. "ఏడాది నుంచి గిట్లనే ఉంటది మమ్మీ" అంది.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఫోన్ గుంజుకుంటవ్ గద."

అమ్మలారా, అక్కలారా, ఈ జవాబు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. నా నిషేధం నా బిడ్డను కాపాడలేదు. వెంటపడినవాడినే కాపాడింది. తప్పు చేసినవాడు వేరొకడు, శిక్ష పడేది తనకని పిల్లకు ముందే తెలుసు కాబట్టి నోరు మూసుకుంది. బస్టాండులో ఎవడో ఏదో అంటే మనమూ ఇంట్లో చెప్పలేదు. చెబితే కాలేజీ మానిపిస్తారని భయం. మనం పడ్డ భయాన్నే మన బిడ్డలకు వారసత్వంగా ఇస్తున్నాం.

"ఆడపిల్లకు గేములేంది" అనేవాళ్ళను నేను అడుగుతున్నాను. మరి ఆడపిల్ల ఆడుకునే జాగా ఎక్కడుంది? మా ఆడబిడ్డ కొడుకు బోధన్ వస్తే పొద్దున బ్యాటు పట్టుకొని పోయి చీకటి పడ్డాక వస్తాడు. ఎవరితో ఆడాడని ఎవరూ అడగరు. మా అమ్మాయి సాయంత్రం డాబా ఎక్కినా "ఎందుకు?" అని అడుగుతాం. మైదానం మగపిల్లలకు వదిలేసి, ఫోన్‌లో ఆమె వెతుక్కున్న మైదానాన్ని కూడా గుంజుకుంటే ఇక ఆమెకు మిగిలేది ఏమిటి?

నేను బీఏలో తెలుగు చదివాను. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టిన రోజుల్లో, చదివితే ఆడది చెడిపోతుందనే వాదన ఎంత గట్టిగా ఉండేదో పాఠంగా చదువుకున్నాం. మా కాలానికి ఆ మాట నవలల మీదికి వచ్చింది. దిండు కింద నవల దాచుకొని చదివినదాన్నే నేను. అలాంటి నేనే నా వంతు రాగానే ఆ మాటే అన్నాను.

కళ్ళు పోతాయి, చదువు పోతుంది, డబ్బులు పోతాయి అంటారు. ఒప్పుకుంటాను. మా ఇంట్లోనూ రోజుకు గంటన్నరే. పరీక్షలప్పుడు అదీ లేదు. డబ్బు కట్టేది ఏదైనా నన్ను అడిగాకే. కానీ ఆ లెక్క కొడుక్కీ కూతురికీ ఒకటే ఉండాలి. ఇంకో మాట. ఆట అంటే అన్నీ ఒకటి కావు. మైన్‌క్రాఫ్ట్ వాళ్ళు 2012 నుంచి ఐక్యరాజ్యసమితి హాబిటాట్‌తో కలిసి, ఊళ్ళలో పార్కులూ వీధులూ ఎట్లా ఉండాలో అక్కడి జనంతోనే ఈ ఆటలో గీయిస్తున్నారు. వియత్నాంలోని హనోయ్‌లో ఆడపిల్లలు కూర్చొని, తాము భయం లేకుండా నడిచే వీధి ఎట్లా ఉండాలో ఇందులోనే కట్టి చూపించారు. మన ఆడపిల్లలను అట్లా ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

అందుకే నేను చెప్పేది ఇదీ. గేమ్ తీసేసే ముందు ఒక్కసారి లోపలికి వెళ్ళండి. వాళ్ళ నాన్ననూ కూర్చోబెట్టండి, ఇది అమ్మ ఒక్కదాని పని కాదు. అసలు పేరు, బడి పేరు, ఫోటో ఎవరికీ ఇవ్వొద్దని చెప్పండి. బ్లాక్ చేయడం, చాట్ ఆపేయడం మీరూ నేర్చుకోండి. విషయం చెయ్యి దాటితే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, షీ టీమ్స్ ఉన్నాయి. అన్నిటికంటే ముందు బిడ్డకు ఒక మాట ఇవ్వండి: "నాకు చెప్పినందుకు నీ ఫోన్ గుంజుకోను." ఇచ్చిన మాట మీద నిలబడండి. కష్టమే, నాకు తెలుసు.

మా అమ్మాయి ఫ్యాక్టరీ మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి కాపీ తీసి వేరేచోట దాచింది, నా మీద నమ్మకం ఇంకా పూర్తిగా రాలేదు మరి. ఇటుకలు కాల్చి అందించే పని నాకిచ్చింది. పొగగొట్టం సగం లేచింది. ఇంకా పొట్టిగానే ఉందని మామయ్య అంటున్నారు.