మొగులు కాదు, నేలే
క్లౌడ్ అనగానే మొగులువైపు చూస్తాం గానీ, అది ఉండేది నేలమీదే. 2022 నవంబర్‌లో అమెజాన్ తెరిచిన హైదరాబాద్ రీజియన్ యంత్రాలు రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్ల కోసం భూములు కొన్న షాద్‌నగర్ 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాదే. కాబట్టి నల్లగొండ ఐటీ టవర్‌లో కూర్చున్న పిల్లగాడు ఆ రీజియన్‌లో చాట్‌బాట్‌ను ‘పైకి’ ఎక్కించానంటే, పక్క జిల్లాకు పంపాడని అర్థం. ఎట్లా పంపాడన్నదే నా పేచీ. తెరమీద మీటలు నొక్కుకుంటూ సర్వర్ పెట్టి, డేటాబేస్ తగిలిస్తే, నెల తిరిగేసరికి ఏది ఎందుకు పెట్టాడో తనకే గుర్తుండదు. పట్టా లేని నోటిమాట పొలం లాంటిదది. 2014లో వచ్చిన టెర్రాఫామ్ అనే పనిముట్టులో అయితే కావలసినదంతా ఫైల్‌లో రాయాలి. ఆ ఫైల్‌ను మార్పుల చిట్టా ఉంచే గిట్‌లో దాచుకుంటే ఏ మార్పు ఎవరు, ఎన్నడు చేశారో పేరుతో సహా ఉంటుంది. (టెర్రా అంటే లాటిన్‌లో నేల. దేశమంతా ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు లేబర్ పేర్లు నేనైతే ఏ శిలాఫలకం మీదా చూడలేదు.) అట్లని అదేం మంత్రం కాదు. ఏమేం కట్టిందో అది లెక్క రాసుకునే స్టేట్ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉండిపోవచ్చు. దాన్ని అందరికీ కనిపించే చోట పెడితే ఇంటి తాళంచెవి అంగట్లో వేలాడదీసినట్టే. టెర్రాఫామ్ ఆదేశాల్లో ‘ప్లాన్’ ఏం మారబోతోందో చూపుతుంది, ‘అప్లై’ కడుతుంది. మనవాళ్లు మరిచిపోయేది మూడోది, ‘డిస్ట్రాయ్’. అది కొట్టకపోతే, బాట్‌ను ఎవరూ పలకరించకపోయినా, దాన్ని నడిపే అద్దె జీపీయూ గంటలెక్కన బిల్లు వేస్తూనే ఉంటుంది, ఎండిన బోరుమీద రాత్రంతా మోటారు నడిచినట్టు.