నవ్వు ఎవరి మీద?

కార్టూన్‌లో బగ్స్ బన్నీ ఆడవేషం వేసి వేటగాణ్ణి బురిడీ కొట్టిస్తే పిల్లలు పడీపడీ నవ్వుతారు. ద్వితీయోపదేశకాండము 22:5 చూపి టీవీ కట్టేయమంటారు కొందరు విశ్వాసులు. ఆ వాక్యాన్ని మేము తేలికగా తీసుకోము. అయితే స్థానం నరసింహారావు గారి సత్యభామ వేషాన్ని మన పెద్దలు మెచ్చుకున్నారు; 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. వేషమంతా పాపమనలేము.

మా భయం వేరు. ఇంట్లో అలవాటైన ఆ నవ్వే సికింద్రాబాద్ స్టేషన్‌లో చేయి చాచిన హిజ్రా అక్క మీదికి మళ్లుతుంది. అక్కడ అది ఆట కాదు, ఆమె బ్రతుకు. లోకం తక్కువగా చూసిన నపుంసకుని రథమెక్కి ఫిలిప్పు పక్కనే కూర్చున్నాడు (అపొ. కార్యములు 8). అట్టివారికి తన మందిరంలో చోటుందని యెషయా 56లో దేవుడే సెలవిచ్చాడు. టీవీ కట్టేయడం సులువే. ఎవరిని చూసి నవ్వకూడదో పిల్లలకు నేర్పుదాం. ఆమేన్.