విందు వద్దు, బస్సు ఆపండి

రంజాన్ వస్తే మేం మీకు గుర్తొస్తాం. నాయకులు నెత్తిన టోపీ పెట్టుకుంటారు. ఫంక్షన్ హాల్లో బల్లలు వేస్తారు. మర్నాడు పేపర్లో 'ఇఫ్తార్ విందు' అని ఫోటో పడుతుంది. ఆ వార్తలు రాసిన చేతుల్లో మావీ ఉన్నాయి. కానీ పొద్దు గూకే వేళకు మాలో చాలామందిమి ఆ హాల్లో ఉండం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి ఉంటాం.

దూరం సుమారు 40 కిలోమీటర్లు. కొట్లో గుమాస్తా పనికీ, షెడ్లో మెకానిక్ పనికీ ఎప్పటినుంచో నంద్యాలకే పోతున్నాం. 2022లో అది జిల్లా కేంద్రమయ్యాక కాగితాల పనికీ అక్కడికే. పొద్దున పోయి మాపటికి తిరిగొచ్చే బతుకులు మావి.

'ప్రయాణంలో ఉంటే మినహాయింపు ఉందిగా, మానుకోవచ్చుగా' అని మా మతాన్ని మాకే నేర్పే మిత్రులున్నారు. నిజమే. ప్రయాణికుడు ఆ రోజాను తర్వాత ఉండొచ్చని ఖురాన్ చెప్పింది. కానీ హనఫీల లెక్కలో ముసాఫిర్ అనిపించుకోవాలంటే 48 మైళ్లు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు పోవాలి. మా దారి అందులో సగం. షరియత్ లెక్కలో మేం ప్రయాణికులం కాము. సాయంత్రం వేళకు ఇంట్లోనూ ఉండము.

'ఇంటికి పోయి తింటే ఏం పోయింది?' అంటారు ఇంకొందరు. రోజా అంటే ఎంతసేపు పస్తున్నామన్నది కాదు. వేళకు పట్టి వేళకు విడవడం. పొద్దు గూకాక ఆలస్యం చేయొద్దన్నదే ప్రవక్త బోధ. ఎక్కువసేపు మాడితే ఎక్కువ పుణ్యమన్న లెక్క మాకు లేదు. ఉర్దూలో మేం 'రోజా ఖోల్నా' అంటాం, తెరవడమని. ఉర్దూ రాని మా దూదేకుల అక్క 'ఒక్కపొద్దు ఇడిసినారా అన్నా?' అంటుంది. పేపరు మాత్రం 'ఉపవాస దీక్ష విరమణ' అంటుంది. తెరవడమైనా ఇడవడమైనా ఒక క్షణంలో జరిగే పని. పేపరు మాటలో ఆ క్షణం లేదు.

ఒక సాయంత్రం శిరివెళ్ల మెట్ట దగ్గర అజాన్ వినబడింది. మేం ముగ్గురం. 'ఐదు నిమిషాలు ఆపన్నా' అన్నాం. 'మీ ముగ్గురి కోసమే నడుపుతున్నానా?' అన్నాడు డ్రైవరు. జేబులో ఖర్జూరం నోట్లో వేసుకున్నాం. సీసాలో నీళ్లు లేవు. కూరగాయల గంప ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మ తన సీసా అందించింది. 'తాగండి నాయనా, ఒక్కపొద్దు ఇడసండి' అంది. ఆ తర్వాత అదే బస్సు టీ కొట్టు ముందు పది నిమిషాలు ఆగింది. ఎవరూ ఏమీ అనలేదు. టీ కోసం ఆగితే మామూలు. మా నీళ్ల కోసం ఆగితే మతం!

2025 రంజాన్‌లో తెలంగాణ ప్రభుత్వం ముస్లిం ఉద్యోగులు సాయంత్రం 4 గంటలకే వెళ్లొచ్చంది. ఆంధ్రప్రదేశ్ గంట ముందు వెళ్లనిచ్చింది. తెలంగాణ ఉత్తర్వు చూసి బీజేపీ నాయకులు 'బుజ్జగింపు' అని గోల చేశారు. ఆ ఉత్తర్వులు సర్కారు కుర్చీ ఉన్నవాళ్లకు. మిల్లు హమాలీకి, కొట్టు గుమాస్తాకు ఏ ఉత్తర్వు వచ్చింది? బుజ్జగించింది ఎవరిని?

మా పెద్దలకూ ఒక మాట. విందుల్లో ముందు వరసన కూర్చుని వస్తారే, ఆ నాయకుల చెవిలో ఒక్కసారైనా ఈ బస్సు సంగతి వేశారా?

మేమడిగేది పెద్దదేం కాదు. ఆ వేళకు దారిలో ఉన్న బస్సు ఐదు నిమిషాలు ఆగాలి. ఒక ఖర్జూరం, గుక్కెడు నీళ్లు, మూడు రకాతుల మగ్రిబ్. 30 రోజులకు కలిపి రెండున్నర గంటలు. ఒక తెలుగు సినిమా అంత. పొద్దు ఎన్నింటికి గూకుతుందో ప్రతి క్యాలెండర్లో ఉంది. దానికి కమిటీ వేయక్కర్లేదు.

ఆ ముసలమ్మకు ఏ జీవో అక్కర్లేకపోయింది. మీకు విందులు పెట్టడం వచ్చు, బ్రేకు మీద కాలు పెట్టడం రాదా?