టేస్టింగ్ సాల్ట్ వాడకంపై మండల మహిళా సమాఖ్య తీర్మానం

సమాఖ్య సర్వసభ్య సమావేశం ఈ దిగువ విషయాన్ని చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించింది.

మన సభ్యుల్లో ఫాస్ట్‌ఫుడ్ బండి నడిపేవారు, కర్రీ పాయింట్ పెట్టుకున్నవారు, బడిలో మధ్యాహ్న భోజనం వండేవారు ఉన్నారు. వండేది మనమే, తినేది మన పిల్లలే. బండి దగ్గర టేస్టింగ్ సాల్ట్ డబ్బాలోకి వెళ్లే గరిటెకు కొలత లేదు. పెద్ద మంట మీద, గిరాకీ ఊపులో ఎంత పడితే అంత.

ఇది తింటే పిల్లలు పుట్టరన్న మాట కూడా ఉంది. 1969లో అమెరికా శాస్త్రవేత్త జాన్ ఓల్నీ అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు టేస్టింగ్ సాల్ట్‌ను, అంటే మోనోసోడియం గ్లుటామేట్‌ను, సూదితో ఎక్కించారు. వాటి మెదడులో హైపోథాలమస్ దెబ్బతింది. అండాశయాలను నడిపే హార్మోన్లకు మూలం అక్కడే. పెరిగాక అవి బాగా ఒళ్లు చేశాయి, ఆడవాటికి సంతానం కలగలేదు. అయితే సూదితో ఎక్కించడం వేరు, కూరలో తినడం వేరు. తిన్నదాంట్లో చాలా భాగాన్ని పేగు గోడలే వాడేసుకుంటాయి. మామూలుగా తినే మోతాదుతో స్త్రీలకు గర్భం నిలవదని ఎక్కడా రుజువు కాలేదు.

కనుక, పిల్లలు లేని కోడలిని ‘నూడుల్స్ తిని తెచ్చుకున్నావు’ అని దెప్పే మాట మన సంఘాల్లో వినపడరాదని మొట్టమొదట తీర్మానించడమైనది. లోపం మగవారిలోనూ ఉండవచ్చు. ఏడాది దాటినా గర్భం రాకపోతే భార్యాభర్తలిద్దరినీ పరీక్షలకు పంపే బాధ్యత సంఘానిది.

రుజువు కాలేదు కదా అని గుప్పెళ్లతో పోయడం తగదు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2017లో కిలో బరువుకు రోజుకు 30 మిల్లీగ్రాములు హద్దుగా పెట్టింది. 50 కిలోల మనిషికి అది ఒకటిన్నర గ్రాము, టీస్పూనులో మూడో వంతు దరిదాపు. కాబట్టి బండ్ల సభ్యులు కొలత చెంచా వాడాలనీ, వేస్తున్న సంగతి బోర్డు మీద తెలుగులో రాయాలనీ, వద్దన్నవారికి వేయకుండా చేసివ్వాలనీ, మధ్యాహ్న భోజనంలో అసలు వాడరాదనీ, ఏడాదిలోపు పసివాళ్లకు ఇది కలిపినదేదీ పెట్టరాదనీ తీర్మానించడమైనది.

ప్యాకెట్ల వెనుక చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే, టేస్టింగ్ సాల్ట్‌కు గుర్తయిన 621 అంకెను గుర్తుపట్టడం చదువు వచ్చిన సభ్యులు మిగతావారికి నేర్పాలి.

మన ప్రాంత స్త్రీల తిండిలో దీని మోతాదుపై, నెలసరిపై దాని ప్రభావంపై అధ్యయనం జరపాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థను కోరుతూ లేఖ రాయాలనీ, ఈ తీర్మానం ప్రతిని ప్రతి గ్రామ సంఘానికీ పంపాలనీ తీర్మానించడమైనది.