ఆస్టియా పసివాళ్ల వంకర కాళ్లు

రోమ్‌ నగరానికి ఒకప్పటి రేవు పట్టణం ఆస్టియా. దాదాపు రెండువేల ఏళ్ల కిందటే అక్కడ అంతస్తుల మీద అంతస్తులుగా కట్టిన అద్దె ఇళ్లు ఉండేవి. ఇరుకు వీధులు, ఒకదాన్నొకటి ఆనుకున్న గోడలు, చిన్న కిటికీలు. రోమ్‌కు వెళ్లే ధాన్యమూ నూనే దిగేది ఆ చుట్టుపక్కల రేవుల్లోనే. ఇటలీలో ఎండకూ కొదవ లేదు. అయినా ఆ ఊరి శ్మశానవాటికలో దొరికిన పసివాళ్ల ఎముకలు వంకర తిరిగి ఉన్నాయి. ఆ వంకరకు కారణం రికెట్స్‌, అంటే విటమిన్‌ డి లోపం.

బ్రిటన్‌ పరిశోధకుడు సైమన్‌ మేస్‌, కెనడాలోని మెక్‌మాస్టర్‌ విశ్వవిద్యాలయానికి చెందిన మెగన్‌ బ్రిక్లీ బృందం ఉత్తర ఇంగ్లండ్‌ నుంచి దక్షిణ స్పెయిన్‌ దాకా 18 రోమన్‌ శ్మశానాల్లోని 2,787 అస్థిపంజరాలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రకటించింది. ప్రతి 20 మంది పిల్లల్లో ఒకరికి మించి రికెట్స్‌ ఆనవాళ్లున్నాయి. ఎక్కువమంది ఏడాదిలోపు వాళ్లే. ఇంగ్లండ్‌ పిల్లల సంగతి సరే, అక్కడి ఎండే అంతంతమాత్రం. చలికి బిడ్డను గుడ్డల్లో చుట్టి ఇంట్లో ఉంచి ఉంటారు. మధ్యధరా తీరంలో మాత్రం ఆస్టియా ఒక్కటే లెక్క తప్పింది. ఎండ ఊరంతా కాస్తున్నా ఆ అంతస్తుల ఇళ్లలోకి రాలేదనేది పరిశోధకుల అంచనా.

ఎముకలో ఇదంతా ఎలా తెలుస్తుంది? ఎముక ముందు మెత్తగా పెరిగి, తర్వాత కాల్షియం, ఫాస్ఫరస్‌ చేరి గట్టిపడుతుంది. విటమిన్‌ డి చాలకపోతే పేగులు కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకోలేవు, ఎముక మెత్తగానే ఉండిపోతుంది. పాకే బిడ్డకైతే చేతి ఎముకలు వంగుతాయి, నడిచే బిడ్డకు కాళ్లు. మణికట్టు దగ్గర ఎముక చివరలు వెడల్పవుతాయి, పక్కటెముకల కొసలు పూసల్లా ఉబ్బుతాయి. అంటే వంపు ఎక్కడుందో చూసి, ఆ బిడ్డకు జబ్బు పాకే వయసులో వచ్చిందా, నడక నేర్చాక వచ్చిందా అన్నది అంచనా వేయొచ్చు. విటమిన్‌ సి లోపంతో వచ్చే స్కర్వీ గుర్తులు వేరు. అందులో సన్నని రక్తనాళాలు చిట్లి, కణతల దగ్గర పుర్రె ఎముకపై సూదితో పొడిచినట్టు రంధ్రాలు కనిపిస్తాయి.

ఆ రోజుల్లోనే రోమ్‌లో వైద్యం చేసిన సోరేనస్‌ అనే గ్రీకు వైద్యుడు పిల్లల కాళ్లు వంకరపోవడాన్ని గమనించాడు. అంతవరకూ మెచ్చుకోవాల్సిందే. కారణం దగ్గరికి వచ్చేసరికి, రోమ్‌ తల్లులకు గ్రీకు తల్లులంత శ్రద్ధ లేదని రాసేశాడు! ఇంటికి వెలుతురు లేకపోతే తల్లి ఏం చేస్తుంది? ‘బిడ్డకు సరిగ్గా పెట్టడం లేదా అమ్మాయ్‌’ అనే మాట మన ఇళ్లలోనూ వినిపిస్తూనే ఉంటుంది కదా.

ఇప్పుడు మీ ఫ్లాట్‌ వైపు చూడండి. పక్క బ్లాక్‌ నీడ, దుమ్ము రాకుండా బాల్కనీకి బిగించిన అద్దాలు, బయటికి వెళ్తే ఒళ్లంతా కప్పిన బట్టలు. విటమిన్‌ డి తయారు కావాలంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో బి రకం చర్మాన్ని తాకాలి. కిటికీ అద్దం వాటిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. గదిలోకి వెలుగు వస్తుంది, పని జరగదు. నూనె రాసి పొద్దుటి నీరెండలో కాసేపు పడుకోబెట్టడం మంచి అలవాటే కానీ, ఆ వేళ ఎండలో ఈ కిరణాలు తక్కువ. నల్లని చర్మానికి ఎండ ఇంకాస్త ఎక్కువసేపు కావాలి. తిండితో సరిపెడదామంటే కోడిగుడ్డు సొనలో, కొవ్వున్న చేపల్లో తప్ప పెద్దగా ఉండదు. రాగిజావలో కాల్షియం పుష్కలం, విటమిన్‌ డి కాదు. తల్లిపాలు అన్నిటికన్నా మేలైన ఆహారం, ఈ ఒక్క విటమిన్‌ మాత్రం వాటిలో తక్కువ.

అలాగని చంటిబిడ్డను మిట్టమధ్యాహ్నం ఎండలో పెట్టకూడదు. అందుకే ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్ల విటమిన్‌ డి చుక్కలు ఇవ్వాలని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. సీసా మీద అంకె చూడటం మరవకండి. ఒక మిల్లీలీటరులో 400 యూనిట్లున్నవీ, 800 ఉన్నవీ మార్కెట్లో ఉన్నాయి. పెద్దవాళ్లకు రాసిచ్చిన 60 వేల యూనిట్ల పొడిని ‘కొంచెమే కదా’ అని బిడ్డకు నాకించడం ప్రమాదం. రక్తంలో కాల్షియం పెరిగితే కిడ్నీలు దెబ్బతింటాయి.

రెండేళ్లలోపు పిల్లల కాళ్లు కొద్దిగా వంగి ఉండటం సహజం. మణికట్లు లావెక్కినా, ఏడాదిన్నర దాటినా మాడు పూడకపోయినా, పళ్లూ నడకా బాగా ఆలస్యమైనా పిల్లల డాక్టరుకు చూపించండి. రక్తపరీక్షతో పాటు మణికట్టు ఎక్స్‌రే రాస్తారు. ఆస్టియా పిల్లల్లో పరిశోధకులు వెతికినట్టే, డాక్టరూ అందులో ఎముక చివరలనే చూస్తారు. తొందరగా పట్టుకుంటే వంగిన కాళ్లు చాలామంది పిల్లల్లో ఎదిగేకొద్దీ వాటంతట అవే నిటారవుతాయి.