ఇంటి ల్యాప్‌టాప్‌కు ‘ప్రో’ అవసరమా?



పిల్లల ఇంజనీరింగు చదువుల మూలముగా మన పల్లెలలో కూడ చాలా ఇండ్లకు ల్యాప్‌టాప్ వచ్చినది. పిల్లల చదువు ఒక్కటే కాదు. ఆదివారము పాటలు తెర మీద చూపించుట, సంఘ సభ్యుల పట్టిక వ్రాయుట, స్త్రీల సమాజపు లెక్కలు, పెండ్లి ఫోటోలు, అన్నియు దానిలోనే. ఇటువంటి ఇండ్లలో తరచు వినబడే మాట ఒకటి ఉన్నది: “మన దానిలో విండోస్ హోమ్ ఉన్నది, దానిని ప్రో చేయించమని అబ్బాయి అడుగుచున్నాడు. టౌనులో కొద్ది డబ్బుకే వేసి యిస్తారట. చేయించవచ్చునా?”

ఇది యంత్రమునకు సంబంధించిన ప్రశ్నవలె కనబడును. కాని దీనిలో ఇంటి ఖర్చు ఉన్నది, ఇంటి సాక్ష్యము కూడ ఉన్నది. గనుక మూడు సంగతులు వరుసగా చూతము.

మొదటిది: అవసరమా?

ల్యాప్‌టాప్‌ను నడిపించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మైక్రోసాఫ్ట్ కంపెనీవారి విండోస్ అటువంటిది. 2021 అక్టోబరులో విడుదలైన విండోస్ 11లో ఇంటివారికి హోమ్, ఉద్యోగ వ్యాపారములవారికి ప్రో అని రెండు రకములు ఉన్నవి.

ప్రోలో ఎక్కువగా ఉన్నవేమి? డిస్కు మొత్తమునకు తాళము వేసి, ఆ తాళమును మన చేతిలో ఉంచే బిట్‌లాకర్ ఉన్నది. వేరొక ఊరిలోని కంప్యూటరు నుండి ఈ ల్యాప్‌టాప్‌ను తెరచి పని చేయు రిమోట్ డెస్క్‌టాప్ ఉన్నది. ఆఫీసువారి నెట్‌వర్కులో చేరి వారి నియమముల ప్రకారము నడచుకొనే ఏర్పాటు ఉన్నది. ఒక కంప్యూటరు లోపల మరియొక కంప్యూటరును నడిపించే హైపర్-వి ఉన్నది.

ఇక ప్రో వలన రానిది ఏమి? వేగము రాదు. నెమ్మదిగా నడిచే ల్యాప్‌టాప్ ప్రో వేసిన తరువాత కూడ నెమ్మదిగానే నడచును. దానికి మెమరీ పెంచుట, పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డి వేయించుట మందు. పాటలు చూపించుట, ఉత్తరములు టైపు చేయుట, ఆన్‌లైన్ పాఠములు వినుట హోమ్‌లోను ప్రోలోను ఒక్కటే. వైరస్‌ల నుండి కాపాడే డిఫెండర్ రెండింటిలోను ఉన్నది. భద్రతా మార్పులు రెండింటికిని వచ్చును.

గనుక చాలా కుటుంబములకు హోమ్ చాలును. ఇంటి నుండి పని చేయు కుమార్తెకు ఆఫీసువారు ప్రో ఉండవలెనని చెప్పినయెడల అది నిజమైన అవసరమే. అయితే ముందుగా ఆఫీసునే అడుగుడి. తమ పనికి తామే ల్యాప్‌టాప్ ఇచ్చే కంపెనీలు ఉన్నవి. కాలేజీ పాఠము కొరకు హైపర్-వి వంటిది కావలెనని కుమారుడు అడిగినయెడల, హోమ్‌లోనే పని చేయు వర్చువల్‌బాక్స్ అను ఉచిత ప్రోగ్రాము ఉన్నదని చెప్పుడి.

పొరపాటున ప్రో అడిగే సందర్భములు రెండు ఉన్నవి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లు ఎస్ మోడ్‌తో వచ్చును. వాటిలో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని ప్రోగ్రాములు తప్ప వేరేవి ఎక్కవు. దానిలోనుండి బయటికి వచ్చుట ఉచితము. కాని ఒకసారి వచ్చిన తరువాత తిరిగి వెళ్లుట కుదరదు. రెండవది విండోస్ 10. దానికి మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా మార్పులు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 10 హోమ్‌ను విండోస్ 10 ప్రో చేసినందున ఈ కొరత తీరదు. ల్యాప్‌టాప్ తగినదైనయెడల విండోస్ 11 హోమ్‌కు మారుట ఉచితమే. దానికి కనీసము 4 జీబీ మెమరీ, 64 జీబీ స్థలము, టీపీఎమ్ 2.0 అను భద్రతా ఏర్పాటు, తగిన ప్రాసెసర్ ఉండవలెను.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని లూకా సువార్త 14వ అధ్యాయములో ప్రభువు నేర్పించెను. కూర్చుండి లెక్క చూచుకొనిన తరువాత చాలామంది ప్రో అక్కరలేదనియే లేతురు.

రెండవది: ఎక్కడ కొనవలెను?

లెక్క చూచిన తరువాత కూడ అవసరమే అని తేలినయెడల, ఇక్కడ జాగ్రత్త పడవలెను. హోమ్ నుండి ప్రోకు మారుటకు వెల అమెరికాలో సుమారు 100 డాలర్లు. అంత వెలగల దానిని కొద్ది వందల రూపాయలకు వేసి యిస్తామని ఎవరైన చెప్పినయెడల, అది ఎక్కడ నుండి వచ్చినదని అడుగుట మన ధర్మము. పెద్ద కంపెనీల కొరకు ఇచ్చిన కీలను తీసి, ఒకే కీని అనేకులకు అమ్ముట ఉన్నది. అటువంటి కీ తరువాత చెల్లకుండ పోవచ్చును. కొందరు కీ కూడ ఇయ్యక, యాక్టివేటర్ అను దొంగ ప్రోగ్రాము నడిపించుదురు. దానిని నడిపించుటకు ముందు డిఫెండర్‌ను ఆపివేయుదురు. కావలివానిని పంపివేసి తలుపు తీసినట్లే గదా! అటువంటి వాటిలో పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములు దాగియుండును. అదే ల్యాప్‌టాప్‌లో మనము బ్యాంకు ఖాతా తెరచుచున్నాము.

చట్టము మాట కూడ తెలిసికొనుడి. 1957 నాటి కాపీరైటు చట్టములో 1994 సవరణ ద్వారా చేర్చిన 63బి సెక్షను ప్రకారము, దొంగ ప్రతి అని తెలిసియు కంప్యూటరులో వాడుట నేరము. అమ్మినవాడే కాదు, వాడినవాడును బాధ్యుడే.

అయితే విశ్వాసికి చట్టము కంటె పెద్ద కారణము ఉన్నది. 2 సమూయేలు 24వ అధ్యాయములో దావీదు బలిపీఠము కట్టుటకు అరౌనా కళ్లమును అడిగెను. అరౌనా కళ్లమును, ఎడ్లను, కట్టెలను సహితము ఊరకే ఇచ్చెదననెను. రాజు ఒప్పుకొనలేదు. తనకు వెల లేనిదానిని దేవునికి అర్పింపనని చెప్పి, 50 తులముల వెండి తూచి ఇచ్చెను. యజమాని మనసారా ఇచ్చినదానికే దావీదు వెల చెల్లించెను. యజమాని ఇయ్యనిదానిని మనము తీసికొని, దానితో ఆదివారము తెర మీద స్తుతి పాటలు చూపించుట ఎట్లు సరిపడును?

వెల పెట్టలేనివారు నిరాశపడనక్కరలేదు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన హోమ్ నిజాయితీగా మనదే. లేదా ఉబుంటు వంటి లినక్సు, ఉత్తరములకు లెక్కలకు లిబ్రే ఆఫీసు ఉన్నవి. వీటిని చేసినవారే అందరు వాడుకొనవలెనని ఉచితముగా ఇచ్చిరి. తెలుగు కూడ వాటిలో వ్రాయవచ్చును.

మూడవది: ఎట్లు చేయవలెను?

ముందుగా ఫోటోలను, సంఘ పట్టికను, లెక్కలను పెన్‌డ్రైవులోనికి గాని వేరొక డిస్కులోనికి గాని ఎక్కించుకొనుడి. తరువాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, దానిలో యాక్టివేషన్ తెరచి, ఇప్పుడున్న హోమ్ యాక్టివ్‌గా ఉన్నదో లేదో చూడుడి. అక్కడనే ప్రోకు మారుటకు స్టోర్ తెరచే మార్గము ఉన్నది. చార్జరు తగిలించి ఉంచుడి. సాధారణముగా ఫైళ్లు ఎక్కడివక్కడనే ఉండును. కాని తిరిగి హోమ్‌కు రావలెనంటే సాధారణముగా అంతయు తుడిచి మొదటినుండి వేసికొనవలెను. గనుక తొందరపడకుడి.

బిట్‌లాకర్ తాళము వేసినయెడల 48 అంకెల రికవరీ కీ ఇచ్చును. దానిని ల్యాప్‌టాప్‌లోనే దాచుట, తాళపుచెవిని పెట్టెలోపల పెట్టి పెట్టెకు తాళము వేసినట్లగును. కాగితము మీద వ్రాసి, పొలము కాగితములతోపాటు భద్రపరచుడి. అది పోయినయెడల, ఆపదలో మీ బాప్తిస్మపు ఫోటోలను ఎవరును తిరిగి ఇయ్యలేరు.

తల్లిదండ్రులారా, చివరిగా ఒక మాట. టౌనులో ఆ బల్ల దగ్గర నిలువబడి మీరు ఏమి ఒప్పుకొందురో మీ బిడ్డ చూచుచుండును. “వద్దులే నాయనా, మనది కానిది మనకు వద్దు” అను మీ ఒక్క మాట, ఆ ల్యాప్‌టాప్ పాతబడి మూలపడిన తరువాత కూడ వానితో ఉండును.

దేవుడు మీ గృహములను, మీ చేతిపనులను దీవించును గాక. ఆమేన్.