జ్వరం తగ్గడం వేరు, బలం రావడం వేరు

మన సాఫ్టువేరు వాళ్ళ లెక్కలో జబ్బుకి రెండే స్థితులు. ఒకటి, లేదా సున్నా. థర్మామీటరు 98 చూపించిందంటే సిక్ లీవు అయిపోయినట్టే, సోమవారం పొద్దున్నే స్టాండప్ కాల్‌లో ఉండాలి. "ఇప్పుడు బానే ఉన్నావుగా?" అంటారు. "ఆఁ, బానే ఉన్నా" అంటాం. రెండో అంతస్తుకి మెట్లెక్కితే గుండె దడదడలాడుతోందని ఎవరికీ చెప్పం. ఎలాగూ లిఫ్టుంది కదా!

మన అమ్మమ్మలకి ఈ గొడవ లేదు. వాళ్ళ దగ్గర పథ్యం అనే పద్ధతి ఉండేది. జ్వరం పోయాక కూడా కొన్నాళ్ళు బీరకాయ కూర, చారన్నం పెట్టి, ఎండలోకి పోనివ్వకుండా, బరువులెత్తనివ్వకుండా చూసేవాళ్ళు. అందులో ఎంత శాస్త్రముందో నాకనవసరం. జ్వరానికీ బలానికీ మధ్య కొంత కాలం ఉంటుందని, దానికంటూ ఒక క్రమం ఉంటుందని వాళ్ళు ఒప్పుకున్నారు. మనం ఆ కాలాన్నే క్యాలెండర్లోంచి తీసేశాం.

కిందటేడు వానాకాలంలో నాకు డెంగీ వచ్చింది (మణికొండలో ఉంటూ రాకపోతే ఆశ్చర్యపడాలి గానీ). ప్లేట్‌లెట్లు వారంలో పెరిగాయి. కాళ్ళలో సత్తువ మాత్రం నెలన్నరైనా రాలేదు. వారాల తరబడి నీరసం ఉండడం మామూలేనన్నారు డాక్టరుగారు. ఆ సత్తువ తిరిగి రావడానికి నాకు అక్కరకొచ్చినవి రెండు: ఇంటి వెనకున్న గుట్ట, కడప జిల్లాలో ఉన్న ఒక గండి. వాటిని చూశాక ఏర్పడిన అభిప్రాయమే ఇది. పోయిన బలం దూరంతో రాదు, వేగంతో అసలే రాదు. ఎంత వెళ్ళినా తిరిగి రాగలిగేంత మిగుల్చుకుని నడిస్తేనే వస్తుంది.

ముందు పోయేదెంతో చూద్దాం. 2007లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న పెద్ద వయసు వాళ్ళని 10 రోజులు మంచం మీదే ఉంచారు. ఏ జబ్బూ లేకుండానే కాళ్ళ కండ దాదాపు కిలో తగ్గింది. మన వయసులో అంత పోకపోవచ్చు. కానీ మనం రోజుకి పది గంటలు కుర్చీకి అంకితమైన జనం, ముందు నుంచీ నిల్వ తక్కువ.

"రోజూ పదివేల అడుగులు వెయ్యి, అదే వస్తుంది" అని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆ పదివేల లెక్క ఒక యంత్రం పేరుతో ప్రచారమైంది. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే యంత్రం ఒకటి అమ్మారు, దాని పేరుకి అర్థమే "పదివేల అడుగుల మీటరు". అక్కణ్ణించి మన చేతి గడియారాల్లోకి దిగింది. నడక మంచిదే, కాదనను. కానీ అపార్టుమెంటు చుట్టూ చదునైన ట్రాకు మీద వేసే అడుగులన్నీ ఒకేలా ఉంటాయి. రాళ్ళ మీద రెండు అడుగులు ఒకలా పడవు. మడమ, మోకాలు, తుంటి, కళ్ళు అన్నీ పనిచెయ్యాల్సిందే.

మణికొండ వాళ్ళకి ఆ రాళ్ళు వెతుక్కునే పని లేదు. ఖాజాగూడ గుట్టలు పక్కనే ఉన్నాయి. ఫక్రుద్దీన్ గుట్ట అని ఇంకో పేరు. అక్కడ దర్గా ఉంది, గుడి ఉంది. ఆ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. గుండ్రటి బండలు ఎక్కణ్ణించో దొర్లుకుంటూ వచ్చినవి కావు. పగుళ్ళలోకి నీరు చేరి, మూలలు అరిగి, ఉల్లిపాయలా పొరలు రాలి ఉన్నచోటే అలా తయారైనవి. పైనుంచి చూస్తే ల్యాంకో హిల్స్ టవర్లు కనిపిస్తాయి.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఈ రోజు ఎంత నడిచానన్నది లెక్క కాదు, రేపు పొద్దున ఎలా లేచానన్నది లెక్క. మర్నాడు ఒళ్ళు తేలిగ్గా ఉంటే వచ్చే వారం పది నిమిషాలు పెంచడం. బరువుగా ఉంటే అంతే దూరం మళ్ళీ. మొదట్లో ఇరవై నిమిషాలు, మూడు నెలలకి రెండు గంటలు. అప్పుడు గండికోట అనుకున్నాను.

గండికోటే ఎందుకంటే, గుట్టకీ గండికీ ఒక తేడా ఉంది. గుట్ట నిజాయితీగా ఉంటుంది. కష్టం ముందే చూపిస్తుంది, ఆయాసం వస్తే వెనక్కి తిరగచ్చు, దిగడం సులువు. గండి అలా కాదు. ముందు హాయిగా దింపుతుంది, అలిసిపోయాక, ఎండ ముదిరాక ఎక్కమంటుంది. పైగా దిగడం ఊపిరికి సులువే గానీ తొడలకి కాదు. దిగేటప్పుడు తొడ కండ సాగుతూనే ఒంటి బరువుకి బ్రేకు వెయ్యాలి. ఆ నొప్పి అప్పుడు తెలీదు, ఒకటి రెండు రోజులయ్యాక తెలుస్తుంది. మంచి విషయమేమిటంటే, కొద్దిగా అలవాటైన కండ రెండోసారి అంత నొప్పి పెట్టదు. ఖాజాగూడలో మెల్లగా దిగడం నేర్చుకున్నది అందుకే.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు గ్రాండ్ కాన్యన్‌కి వెళ్తే అక్కడి పార్కు వాళ్ళు ఇదే హెచ్చరిక చేస్తారు. అంచు నుంచి నది దాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కే ప్రయత్నం చెయ్యొద్దంటారు, దిగడానికి పట్టిన కాలానికి రెట్టింపు ఎక్కడానికి ఉంచుకోమంటారు. అక్కడ లోతు సుమారు 1,400 మీటర్లు. మన గండికోటది 300 అడుగులు, అంటే అందులో పదిహేనో వంతు. కోలుకుంటున్న మనిషికి ఆ సైజే సరి.

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ వెళ్ళిన చోటు. ఎర్రటి రాయి పొరలు పొరలుగా, ఎవరో ఇటికెలు పేర్చినట్టుంటుంది. భూగర్భ శాస్త్రంలో ఆ రాతికి గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు. ఎడారి కాదు గానీ వాన తక్కువైన సీమ నేల, నీడ బహు తక్కువ. 1652లో మీర్ జుమ్లా పెమ్మసాని వారి దగ్గర్నుంచి కోటని పట్టుకున్నాడు. ఆ ఏడే అక్కడికొచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే కోటకి వెళ్ళే ఇరుకు దారి ఎంత కష్టమో రాసిపెట్టాడు. శత్రువుని అలవగొట్టడానికి కట్టిన చోటు మనకి సత్తువ పరీక్ష పెట్టుకునే చోటయింది :)

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు:

1. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపే వెళ్ళండి. ఏప్రిల్, మే నెలల ఎండతో పంతాలొద్దు.
2. ఉన్న సమయంలో మూడో వంతు దిగడానికి, రెండు వంతులు ఎక్కడానికి. నీళ్ళు సగమయ్యేలోపే వెనక్కి తిరగాలి, నది రెండడుగుల దూరంలో ఉన్నా సరే.
3. ఒంటరిగా వద్దు. అంచున కంచె ఉంటుందనుకోవద్దు, సెల్ఫీ కోసం చివరి బండ ఎక్కొద్దు.
4. గుండె, మోకాళ్ళ సంగతి ముందు డాక్టర్ని అడగండి. ఆయన వద్దంటే కోట చూసి రండి, అదీ నడకే.

ఇప్పుడు ఆఫీసుల సంగతి. కొత్త రిలీజు పెడితే మొదట ఐదు శాతం ట్రాఫిక్ పంపుతాం. లాగ్స్ చూస్తాం. బావుంటే పది, తర్వాత పాతిక, ఆ తర్వాతే వంద. తేడా వస్తే వెనక్కి తీసుకుంటాం. యంత్రానికి ఇంత ఓపిక చూపించే మనం, పది రోజులు మంచాన పడి లేచిన మనిషి మీద మొదటి రోజే వంద శాతం తోసేస్తాం. రెండు వారాలు సగం పని, నాలుగు వారాలు నైట్ కాల్స్ లేకపోవడం ఏ కంపెనీకైనా పెద్ద ఖర్చు కాదు. అడగడానికి మనకే మొహమాటం. అడిగినవాణ్ణి బలహీనుడిగా చూడ్డం ఇంకో జబ్బు.

రెండోది నేల సంగతి. మంచానికీ గండికోటకీ మధ్య ఒక మెట్టు కావాలి, ఏడెనిమిది గంటలు కారు నడపక్కర్లేకుండా అందేది. ఈ ఊళ్ళో ఆ మెట్టు మన రాళ్ళే. సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు 1996 నుంచీ ఈ మాటే మొత్తుకుంటున్నారు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతని ఆపడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాల్సొచ్చింది. ఎకరం ధర తెలిసినంత బాగా మనకి దాని మీద నడిచే హక్కు విలువ తెలీదు.

గండికోట ఇప్పట్లో ఎక్కడికీ పోదు. ఖాజాగూడ గుట్ట గురించి అంత ధీమాగా చెప్పలేను. ఈ ఆదివారం పొద్దున్నే, ఎండెక్కక ముందే ఒకసారి వెళ్ళి రండి. పైదాకా ఎక్కకపోయినా ఫర్లేదు.